ఉంజింటో చెరకు తోటల్లో నూకయ్య ఇల్లు

ఆ ఇంటిని మొదట డర్బన్ శివారు చాట్స్‌వర్త్‌లో ఒక గోడ మీద ఫొటోలో చూశాను. దక్షిణాఫ్రికాలో అందరూ కలిసి ఓటేసిన తొలి ఎన్నికలు జరిగిన మరుసటి సంవత్సరం అది. డర్బన్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేరి నాకు కొన్ని నెలలే అయింది. నాతో పనిచేసే కమల అనే నర్సు ఓ ఆదివారం భోజనానికి పిలిచింది. ఆమె ముత్తాతలు మన ఉత్తరాంధ్ర తీరం నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాళ్లు. కమలకు తెలుగు రాదు. అమ్మ, అన్నం, ఛీ, నోర్ముయ్ లాంటి నాలుగు మాటలు మాత్రం మిగిలాయి. వాళ్ల ముందు గదిలో దేవుడి పటాల పక్కన ఓ పాత ఫొటో వేలాడుతోంది. ఎత్తయిన అరుగు, మూడు వైపులా వరండా, రేకుల కప్పు, ముందు రెండు మామిడి చెట్లు. ఎవరిల్లని అడిగాను. “మాదే,” అని, కూర గిన్నె బల్ల మీద పెట్టి, “మాది కాదు కూడా,” అంది. “ఉంజింటో దగ్గర. మా అమ్మ అక్కడే ఉంటుంది. వెళ్లి చూడు. తనతో తెలుగులో మాట్లాడే మనిషి కనబడి ఎన్నాళ్లయిందో,” అంది. పాత ఇళ్లంటే నాకు పిచ్చి. అందులోనూ ఒకే ఇల్లు ‘మాదీ, మాది కాదూ’ ఎలా అవుతుందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

జూలైలో ఓ శుక్రవారం సెలవు దొరికింది. ఇక్కడ జూలై అంటే చలికాలం, చెరకు కోతల కాలం. ఉదయం ఏడింటికే డర్బన్ టాక్సీ స్టాండుకు చేరాను. టాక్సీ అంటే మన ఆటో లాంటిదనుకోకండి, పదిహేను మంది పట్టే వ్యాను. నిండితేనే కదులుతుంది. అద్దం పక్కన కూర్చుంటే దారంతా చూడవచ్చని ముందు సీటెక్కాను. బండి కదిలాక వెనక నుంచి భుజాల మీదుగా నోట్లు, చిల్లర నా ఒళ్లోకి రావడం మొదలయ్యాయి. ముందు సీట్లో కూర్చున్నవాళ్లే అందరి ఛార్జీలూ పోగుచేసి, చిల్లర తిరిగిచ్చి, డ్రైవరుకు లెక్క అప్పజెప్పాలట. నా తడబాటు చూసి వెనకనున్న జులూ ఆవిడలు పడీ పడీ నవ్వారు. పార్క్ రైనీ దాకా ఎడమ పక్కన సముద్రం వదలకుండా వచ్చింది. అక్కడ బండి లోపలికి తిరిగాక రెండు పక్కలా కొండల మీద చెరకే చెరకు. అక్కడక్కడా ఆకు తగలబెడుతున్న పొగ. గంటన్నరలో ఉంజింటోలో దిగాను. ఛార్జీ అప్పట్లో ఇక్కడి డబ్బులో పది రాండ్లు దాటలేదు. ఒకే పెద్ద వీధి, బట్టల కొట్లు, మసాలా దుకాణాలు, వాటి మీద నాయుడు, రెడ్డి, గోవెండర్ అన్న బోర్డులు.

ఇల్లు ఊరికి ఆరేడు కిలోమీటర్లు లోపల. మట్టి దారి కాబట్టి మామూలు కార్లు రావు, ఇక్కడ బక్కీ అని పిలిచే చిన్న ట్రక్కు మాట్లాడుకోవాలి. “మిస్ కోల్ గారిల్లు” అని కమల చెప్పిన పేరు అడిగితే ఎవరికీ తెలియలేదు. చివరికి ఓ పెద్దాయన, డ్లామినీ అట, టోపీ వెనక్కి జరిపి, “తెల్లావిడ, ఇండియన్ గోగో కలిసి ఉండే ఇల్లేనా?” అని అడిగాడు. గోగో అంటే జులూలో నాయనమ్మ. అవునన్నాను. “అయితే క్వా-నూకయ్య అని అడగాలి గానీ!” అని తన బక్కీ తలుపు తీశాడు. ‘క్వా’ అంటే ‘ఫలానా వారి చోటు’ అని దారిలో చెప్పాడు. నూకయ్య ఎవరని అడిగితే, “నా చిన్నప్పుడు మా నాన్న ఆయన లారీ మీదే చెరకు ఎత్తేవాడు. ఇప్పుడు లేడు. ఇల్లు మాత్రం ఆయనదే,” అన్నాడు.

ఫొటోలో కన్నా ఇల్లు పెద్దది. ఇటుక గోడల మీద సున్నం పెచ్చులూడినా వరండా స్తంభాలు చెక్కుచెదరలేదు. డ్లామినీ బండిని ముందు మెట్ల దగ్గర ఆపకుండా తిన్నగా వెనక పెరట్లోకి తోలాడు. అక్కడ వంటింటి గుమ్మంలో, చీర మీద ఉన్ని స్వెట్టరు, కాళ్లకు మేజోళ్లు వేసుకున్న డెబ్బై ఏళ్లావిడ నిలబడి ఉంది. కమల తల్లి రామమ్మ. నేను నమస్కారం పెట్టేలోగానే రెండు చేతులూ పట్టేసుకుంది.

“ఒచ్చినావా పిల్లా? రా రా. ఏ ఊరు మీది?”

“విజయనగరం, అమ్మా.”

“ఓలమ్మో!” అంది. విజయనగరం ఎక్కడుందో ఆమెకు తెలియదు, ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ ‘ఓలమ్మో’ నేరుగా మా వీధిలోంచి వచ్చినట్టే ఉంది. “నాకు తెలుగు సగం పోయింది పిల్లా. ఎవరితో మాట్లాడేది? కోళ్లతో మాట్లాడేది. కూకో, టీ తాగు.”

టీ తాగుతుండగా లోపలి తలుపు తెరుచుకుని, పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టుతో, సన్నగా ఉన్న తెల్లావిడ వచ్చింది. అరవై ఉంటాయేమో. బయటికెళ్లే గౌను, మెడలో ముత్యాల దండ. “నా పేరు ఈడిత్ కోల్. ఇల్లు చూడ్డానికి వచ్చారటగా? అక్కా, నేను చూపించనా?” అని ఇంగ్లిష్‌లో అడిగింది. రామమ్మను ఆమె అక్కా అనే పిలుస్తుంది. రామమ్మ ఆమెను ఈడీ అంటుంది.

ముందు గదులు చల్లగా, పసుపుపచ్చని చెక్క నేలతో, ఎత్తయిన కిటికీలతో ఉన్నాయి. మిస్ కోల్ ఒక్కో గదిలో ఆగి ఒక్కో యజమాని గురించి చెప్పింది. కట్టించినవాడు కాఫీ పండిద్దామని వచ్చిన ఇంగ్లిష్ దొర. కింద వాగు దగ్గర ఇటుకలు కోసి, కాల్చి, మోసింది మన కూలీలు. నాలుగేళ్లు బాగా పండిన కాఫీ తెగులొచ్చి మాడిపోతే, దొర చెరకు వేసి, అదీ కలిసిరాక ఇల్లమ్మి వెళ్లిపోయాడు. కొన్నవాడు మారిషస్ నుంచి వచ్చిన ఫ్రెంచివాడు. చక్కెర పని ఎరిగినవాడు. వరండా, మామిడి చెట్లు ఆయనవే. కొడుకుల కాలానికి చీలికలొచ్చి, పొలం మిల్లుకు పోయింది, ఇల్లూ చుట్టూ ఉన్న కాస్త నేలా వేలానికొచ్చాయి. ఆ వేలంలో పాడినవాడు నూకయ్య. వాగు దగ్గర ఇటుకలు మోసిన కూలీ కొడుకు. ఎద్దుబండితో మొదలుపెట్టి, లారీలు కొని, చెరకు తోలేవాడు. రామమ్మ ఆయన కోడలు.

“ఆ తర్వాత మేము,” అంది మిస్ కోల్. ఇంకేదో చెప్పబోయి, నా వెనక్కి చూసింది. రామమ్మ చేతిలో చాటతో గుమ్మంలో నిలబడి ఉంది.

“చెప్పు ఈడీ. ఈ పిల్ల మన పిల్లే,” అంది రామమ్మ.

మిస్ కోల్ కిటికీ పక్కన కూర్చుని చెప్పింది. ఈ ప్రాంతం తెల్లవాళ్లకే అని వర్ణవివక్ష ప్రభుత్వం చట్టం చేసినప్పుడు, నూకయ్య ఇల్లు వదిలి వెళ్లాలి, లేదా తెల్లవాడికి వచ్చిన ధరకు అమ్మాలి. ఆయన లారీలు బాగుచేసే మెకానిక్కు కోల్, అంటే ఈడిత్ తండ్రి, ఆయనకు స్నేహితుడు. భార్య పోయి, ఇరవై దాటిన ఈడిత్‌తో, బడికెళ్లే చిన్న కొడుకుతో మిల్లు క్వార్టర్లో ఉండేవాడు. ఇద్దరూ ఓ సాయంత్రం పెరట్లో కూర్చుని మాట్లాడుకున్నారు. ఇల్లు కోల్ పేరున రాశారు. కోల్ పిల్లలతో వచ్చి ముందు గదుల్లో చేరాడు. నూకయ్య కుటుంబం వెనక గదుల్లోకి మారింది, పనివాళ్లుగా. రోజులు మారాక ఇల్లు తిరిగి ఇవ్వాలి. అదే ఒప్పందం. నోటి మాట తప్ప మరొకటి లేదు. అలాంటి ఒప్పందం కాగితం మీద ఉంటే ఇద్దరూ జైలుకెళ్లేవారు.

“ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు అక్క ఏప్రన్ కట్టుకునేది. నేను మేడమ్‌లా కేకలేయాలి. నాకు నోరొచ్చేది కాదు. ‘రామా, టీ’ అని మెల్లగా అనేదాన్ని.”

“ఆళ్లు పోయినాక నేను తిట్టింది,” అంది రామమ్మ. “అంత మెల్లగా అంటే ఎవరు నమ్మేది? గట్టిగా అరవమని చెప్పింది.”

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కమల స్కూల్లో తనది పనిమనిషి కూతురి బతుకని చెప్పుకునే పెరిగిందట. నూకయ్య పోయాడు, ఆయన కొడుకు, అంటే రామమ్మ భర్త అప్పన్న పోయాడు. పగటి పూట ముందు వరండాలో తమ వాళ్లెవరూ కూర్చోలేదని, దారిన పోయేవాళ్లు చూసి ఇన్‌స్పెక్టర్లకు చెబుతారని భయమనీ అంది రామమ్మ. చట్టం పోయి కొన్నేళ్లయినా ఆమె కూర్చోలేదు. అప్పుడు ముసలి కోల్ మంచంలో ఉన్నాడు. ఆ మనిషి ముందు ఇంటి మాట ఎత్తడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. కిందటి సంవత్సరం ఆయన పోతూ ఇల్లు ఈడిత్ పేర పెట్టాడు.

“ఇల్లు తిరిగి అక్క పేరున రాస్తూ ఈ రోజు ఊళ్లో లాయరు దగ్గర సంతకం చేస్తున్నాను,” అంది మిస్ కోల్. ముత్యాల దండ ఎందుకో అప్పుడర్థమైంది. “మా తమ్ముడు రోనాల్డ్ జోహానెస్‌బర్గ్ నుంచి వస్తున్నాడు, కార్లో తీసుకెళ్తాడు. వాడికి తెలియకుండా చేయడం నాకిష్టం లేదు.”

రోనాల్డ్ భోజనాల వేళకు వచ్చాడు. పొడుగు మనిషి, నిద్రలేని కళ్లు. రామమ్మ వంటింటి బల్ల మీద మా ముగ్గురికీ అన్నం, సార్డిన్ చేపల పులుసు వడ్డించింది. ఆ చేపలు ఈ తీరానికి చలికాలంలోనే వస్తాయి. “తిను రోనీ, నీకు ఇష్టం అని చేసింది,” అంది అతనితో. ఈ వంటింట్లోనే తిని పెరిగినవాడు. కంచం ముందు పెట్టుకుని ముట్టుకోలేదు.

“ఈడీ, ఈ ఇల్లు కొంటామని డర్బన్ నుంచి మనుషులొచ్చారు. అతిథి గృహం చేస్తారట. కాగితం మీద నీ పేరుంది. ఆ పాత ఒప్పందానికి సాక్ష్యం ఎక్కడుంది?”

“అక్క నీకు అన్నం పెట్టింది కదా, అదే సాక్ష్యం.”

అతని మొహం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు. “ముప్పై ఏళ్లు ఈ కప్పు మీద రేకులు మార్చింది నాన్న. అది వదిలేయ్. రేపు వీళ్ల పిల్లలు నిన్ను పొమ్మంటే ఎక్కడికి పోతావు? నాది ఒంటిగది ఇల్లు. నీకు పెన్షను లేదు, ఎవరూ లేరు. నీ గురించే చెబుతున్నాను.”

అతను అబద్ధమాడుతున్నాడని నాకు అనిపించలేదు. రామమ్మ పొయ్యి వైపు తిరిగి గిన్నెలు సర్దుతోంది.

“పొమ్మంటే పోతాను, రోనాల్డ్,” అంది మిస్ కోల్. “వాళ్లింట్లోంచి వాళ్లు పొమ్మన్నారనుకుంటాను. కాజేసిన ఇంట్లో మాత్రం ఉండలేను. లాయరు నాలుగింటి దాకానే ఉంటాడు. తీసుకెళ్తావా?”

“నేను తీసుకెళ్లను,” అని అతను పెరట్లోకి వెళ్లిపోయాడు. డ్లామినీ బండి సాయంత్రం నన్ను తీసుకెళ్లడానికి గానీ రాదు. ఫోను తీగ తెగి రెండు వారాలైందట. మిస్ కోల్ చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని, చేతిసంచీ తీసుకుని బయల్దేరింది. నడిచే. రామమ్మ “ఏయ్ ఈడీ, బుద్ధి ఉన్నాదా? ఆగు!” అని తిడుతూనే కాన్వాసు బూట్లు వేసుకుని వెనకాలే పడింది. ఇద్దరు ముసలమ్మల్ని అలా వదల్లేక నేనూ కదిలాను.

ఎర్రమట్టి దారి, రెండు పక్కలా మనిషి కన్నా ఎత్తు చెరకు. కాలిన ఆకు మసి గాల్లో ఎగిరొచ్చి మా బట్టల మీద పడుతోంది. మిస్ కోల్ ముందు చకచకా నడుస్తోంది. రామమ్మ మోకాళ్ల నొప్పితో నా చెయ్యి పట్టుకుంది. “ఇన్నేళ్లలో ఆమెను మీరెప్పుడూ అడగలేదా?” అన్నాను.

“ఏటి అడిగేది?” అంది ఆయాసపడుతూ. “అడిగితే, ఆమె ఇయ్యను అంటే? అప్పుడు రేపు పొద్దున ఇద్దరం ఒకే పొయ్యి కాడ ఎలా టీ తాగేది? ఇల్లు పోతే పోయింది. ఈడీ కూడా పోతే?”

ఒక కిలోమీటరు నడిచామేమో. వెనక కారు చప్పుడైంది. రోనాల్డ్ మమ్మల్ని దాటకుండా, హారన్ కొట్టకుండా, మా నడకకు తగ్గట్టు మెల్లగా కాసేపు వెనకే వచ్చాడు. తర్వాత పక్కగా తెచ్చి ఆపాడు. దిగి వెనక తలుపు తీసి, “రామా, ఎక్కు. నీ మోకాళ్లు,” అన్నాడు. మిస్ కోల్ ముందు సీటెక్కింది, కారు ఊరి దారి పట్టింది.

లాయరు ఆఫీసు బట్టల కొట్టు మీద మేడలో. రోనాల్డ్ కారులోనే ఉండిపోయాడు. లాయరు చిన్న వయసువాడు, శ్రద్ధగా అన్నీ చదివి వినిపించి, “దీనికి బదులుగా మీకేమీ రావడం లేదు. అది మీకు అర్థమైందా, మిస్ కోల్?” అని అడిగాడు.

“ముప్పై ఏళ్లుగా తీసుకుంటూనే ఉన్నాను,” అందావిడ. సంతకం చేసింది. చూపించిన చోట రామమ్మ కూడా చేసింది. రిజిస్ట్రేషను పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో అవుతుందనీ, కొన్ని వారాలు పడుతుందనీ లాయరు చెప్పాడు. మెట్లు దిగేటప్పుడు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు, ఎవరు ఎవరిని దించుతున్నారో నాకు తెలియలేదు.

తిరిగి ఇంటికి చేరాక రోనాల్డ్ లోపలికి రాలేదు. చీకటి పడకముందే దూరం వెళ్లాలన్నాడు. రామమ్మ గబగబా వంటింట్లోకి వెళ్లి, పులుసూ అన్నమూ ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాల్లో సర్ది, కారు కిటికీలోంచి అతని పక్క సీట్లో పెట్టింది. అతను వద్దనలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు. అక్కను చూసి తలూపి వెళ్లిపోయాడు.

కారు మలుపు తిరిగాక మిస్ కోల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, “అక్కా, ముందు గదులు ఎప్పటికి ఖాళీ చేయమంటావు? వెనక చిన్న గది నాకు చాలు,” అంది. ఎంతో సాధన చేసుకున్న మాటలా ఉంది.

రామమ్మకు నిజంగానే కోపమొచ్చింది. “ఛీ! నోర్ముయ్! ముందు గదిలో చలి. నాకు వంటింటి పక్కన వెచ్చగా ఉన్నాది. నాను ఎందుకు మారేది? నువ్వు నీ మంచం మీద పడుకో. ఇంకోసారి అంటే చీపురు తిరగేసేది!” తెలుగులోనే అరిచింది. మిస్ కోల్‌కు ఎంత అర్థమైందో గానీ, మెట్ల మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంది.

రామమ్మ లోపలికెళ్లి, రాత్రికి ఏరవలసిన పప్పు చాటలో పోసుకుని, ముందు గదుల్లోంచి నడిచి వరండాలోకి వచ్చింది. గుమ్మం దాటే ముందు ఒక్క క్షణం ఆగింది. ఇంకా ఎండ ఉంది, దారి మీద కోత ముగించిన కూలీలు పోతున్నారు. “కాగితం వచ్చే దాకా ఆగరా అమ్మా?” అని అడిగాను సరదాగా.

“పీటర్‌మారిట్స్‌బర్గ్ వాడు రాసే దాకా నా మోకాళ్లు ఆగేదా?” అని, స్తంభానికి ఆనుకుని, కాళ్లు బారజాపి, నేల మీద కూర్చుంది. చాట ఒళ్లో పెట్టుకుంది. దారిన పోతున్న వాళ్లలో ఒకావిడ ఆగి, చెయ్యెత్తి, “సావుబోనా, గోగో!” అని జులూలో పలకరించింది. “యెబో, సావుబోనా!” అని రామమ్మ ఎంత గట్టిగా జవాబిచ్చిందంటే, పెరట్లో కోళ్లు బెదిరాయి.

ఆ తర్వాత నేను ఆ ఇంటికి చాలాసార్లు వెళ్లాను. ఇద్దరూ అక్కడే ఉన్నారు, ముందు మిస్ కోల్, కొన్నేళ్లకు రామమ్మ కాలం చేసేదాకా. ఇప్పుడు ఉద్యోగం విరమించి కమల ఉంటోంది. పాత ఇళ్లు చూడబోతే మనం కట్టినవాడి పేరు, కొన్నవాడి పేరు అడుగుతాం. ఆ ఇంట్లో కాఫీ దొర, ఫ్రెంచివాడు, నూకయ్య, కోల్ అందరి పేర్లూ విన్నాను. కానీ దాన్ని నిలబెట్టింది ఒక పొయ్యి దగ్గర ముప్పై ఏళ్లు టీ పంచుకున్న ఇద్దరు ఆడవాళ్లని నాకనిపిస్తుంది. అధికారం చేతులు మారిన ఆ రోజుల్లో దేశమంతా పెద్ద పెద్ద సభలు జరిగాయి, టీవీలో చూశాను. నేను కళ్లారా చూసిన మార్పు మాత్రం ఒక శుక్రవారం సాయంత్రం, ఒక ముసలావిడ తన ఇంటి వరండాలో కాళ్లు చాపుకోవడం. చాలా చిన్న సంగతే. అయినా ఆ రోజు ఎందుకో వ్యాను సముద్రం పక్కన సాగినంత సేపూ నా కళ్లు చెమర్చుతూనే ఉన్నాయి.

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. ఇలాంటి ఇళ్లలో ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు, టిక్కెట్టు కొని చూసేవి కావు కనుక తెలిసినవారి ద్వారా ముందే కబురు పంపి, జూన్, ఆగస్టు నెలల మధ్య వెళ్లండి. ఇక్కడి వానాకాలంలో, అంటే నవంబరు నుంచి మార్చి దాకా, ఆ ఎర్రమట్టి దారి బురదై బక్కీలు కూడా పైకి ఎక్కవు.